మేం తిన్నాకే కదిలిన అన్నం

ఇవాళ పొద్దున మల్కాజ్‌గిరిలో మా సందు చివర ఒకాయన రాగి పాత్రలకు కళాయి వేస్తున్నాడు. ఆ పొగ ఘాటు ముక్కుకు తగలగానే బోయిగూడలోని మా పాత వంటిల్లు, గోడవారన బోర్లించిన పెద్ద గుండిగలు, వాటి వెనక నేనూ తమ్ముడూ ఆడిన దాగుడుమూతలు, చింతపండుతో వాటిని తోమితోమి ఎర్రబడిన నాయనమ్మ చేతులు కళ్ళముందుకొచ్చాయి.

మాది దండుకు సరుకులు సరఫరా చేసిన ఇల్లు. బోనాల పండుగకు వాడంతా మా ముంగిట్లోనే భోంచేసేదని, అందరూ లేచాకే ఇంటివాళ్ళు విస్తరి ముందు కూర్చునేవారని నాయనమ్మ చెప్పేది. నాకు ఊహ తెలిసేసరికి సరఫరా పోయింది, పంక్తులు పోయాయి, గుండిగలు మాత్రం మిగిలాయి. వండడానికేమీ లేని మధ్యాహ్నాలు నాయనమ్మ తలుపు దగ్గరగా వేసి, నూనె చుక్కలో రెండు ఎండుమిరపకాయలు వేయించేది. ఆ ఘాటు పక్కింటికి చేరితే చాలు.

అలాంటి రోజుల్లో ఒక వానాకాలం, ఒక బౌద్ధ సన్యాసిని మా గడప ముందు నిలబడింది. ముదురెరుపు వస్త్రం, నున్నటి తల, మాట మాత్రం అచ్చం మాదే. బన్సీలాల్‌పేట్‌లో ఒక గదిలో ఉంటూ, ఆసుపత్రుల బయట పడి ఉండే రోగుల పుండ్లు కడిగేదట, వాళ్ళ బంధువులకు అన్నం పెట్టేదట. బియ్యం, పప్పు తానే తెస్తుందట, గుండిగలూ పొయ్యీ కావాలట.

"గుండామెను నమ్మకుండ్రి," అంది నాయనమ్మ లోపలికొచ్చి. "ఇయ్యాల గుండిగలడుగుతది, రేపు ఇల్లడుగుతది. మనల్ని గుండు గీయించి కూసోబెడ్తదో ఏమో!"

అయినా అడిగినవాళ్ళకు లేదనడం మా ఇంట్లో లేదు. గుండిగలిచ్చాం. పరాయి చెయ్యి మా పొయ్యి ముట్టకూడదని నాయనమ్మే వండింది. బయట వాన, లోపల అల్లం, మిరియాలు వేసిన కిచిడీ ఉడుకుతున్న కమ్మటి వాసన. అంతా రిక్షా ఎక్కి వెళ్ళిపోయింది. అతిథుల తర్వాతే ఇంటివాళ్ళు తినాలి కదా, గుండిగలు తిరిగొచ్చేదాకా ఎదురుచూశాం. శుభ్రంగా కడిగి తెచ్చారు. తమ్ముడు ఒక గుండిగలోకి తలపెట్టి చూశాడు. సన్యాసిని వాణ్ణి చూసింది.

మర్నాడు వంట దించాక ఆమె గుండిగ ఎత్తనివ్వలేదు.

"మీరు తినుండ్రమ్మా. అటెన్కనే తీస్కపోత."

నాయనమ్మ మొహం కందిపోయింది. "ఏందీ, విషం గిట్ల కలిపినమనుకుంటున్నవా? మా ఖాందాన్‌ల అసొంటి పని తాతలనాడు సుత లేదు!"

"మీరు తింటెనే నేను కదుల్త."

అంతే. అరుగు మీద చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. పొద్దు నడినెత్తి దాటితే, వాళ్ళ సన్యాసుల కట్టుబాటు ప్రకారం, ఆమె ఆ రోజుకిక ముద్ద ముట్టదు. అయినా లేవలేదు. చివరికి నాయనమ్మ పీటలు దబదబా వాల్చి, ఆమెకెదురుగా మమ్మల్ని కూర్చోబెట్టి, తనూ కూర్చుంది.

"సూడు, మంచిగ సూడు! సచ్చినమా?"

ఆనాటి నుంచి రోజూ అదే తంతు. వెన్ను నిటారుగా పెట్టుకుని, మా ఇంటి పరువు కోసం తిన్నాం. మేం లేచాకే ఆమె తన భిక్షాపాత్ర చాచేది. ఇంత అవమానం చేసే మనిషిని ఎందుకు రానిస్తున్నామని నాయనమ్మ రోజూ సణిగేది, రోజూ పొయ్యి ముట్టించేది.

ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ బన్సీలాల్‌పేట్ గదిలో ఉండే చిన్న సన్యాసినిని అడిగాను, వండినవాళ్ళు ముందు తినాలన్నది మీ నియమమా అని.

"గట్లేం లేదమ్మా. పెట్టింది తినుడే," అని నవ్వింది.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. మేం ఇచ్చినవాళ్ళం, పుచ్చుకున్నవాళ్ళం కాదు. ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆమె నియమమని ఎప్పుడూ అనలేదు. విషం మాట ఎత్తింది నాయనమ్మే.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. దాని చోట లాడ్జి లేచింది. సన్యాసినీ లేదు, నాయనమ్మా లేదు, అడిగి తేల్చుకుందామంటే. ఒకప్పుడు సన్యాసిని మీదున్న అనుమానం ఈ మధ్య నాయనమ్మ మీదికి మళ్ళింది. విషం లేదని చూపడానికి ఒక్క ముద్ద చాలు. నాయనమ్మ మాత్రం, ఆమెకేసి కోపంగా చూస్తూనే, మాకు రోజూ మారు వడ్డించేది.