శ్లాబు వేయని ఇల్లు

చీమకుర్తిలో మా ఎదురింటి పైవాటాలో ఒడిశా నుంచి వచ్చిన ఒకతని కుటుంబం అద్దెకుండేది. అతనిది గ్రానైట్ పాలిషింగ్ పని. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరే వాళ్ల పాపను బళ్లో చేర్పించాడు, రేషన్ కార్డుకు వెంట తిరిగాడు, ఊరి చివర ఇంటిస్థలం బేరమాడి ఇప్పించాడు. కొత్తవాళ్లను మా ఊరు ఎలా కలుపుకుంటుందో పేపర్లో రాయాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఆ ఇల్లే గుర్తొచ్చేది.

పోయిన ఏడాది అతని తండ్రికి జబ్బు ముదిరింది. ఇక ఇంటికి తీసుకెళ్లమన్నారు ఒంగోలు డాక్టర్లు. అంబులెన్సు వచ్చి ఆగేసరికి ఓనరు గేటుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఏమనుకోకు తమ్ముడూ. పెద్దాయన్ని లోపలికి మాత్రం తేవద్దు. నక్షత్రం మంచిది కాకపోతే ఆరు నెలలు ఇల్లు మూసెయ్యాల. మేం యాడికి పోవాల?"

అద్దె ఇంట్లో ప్రాణం పోనివ్వరని నాకు తెలియనిది కాదు. కానీ మనిషి బండిలో ఇంకా ఊపిరి తీస్తుండగా మా గుమ్మంలోంచి ఆ మాట విని కొయ్యబారిపోయాను.

"తొందరగా తేల్చండి బాబూ, సిలిండర్ అయిపోవచ్చింది" అన్నాడు డ్రైవరు.

కొడుకు తండ్రి మొహం చూశాడు. "మా ఇంటికి పోనియ్యన్నా" అన్నాడు.

అతని ఇల్లంటే ఆ ఊరి చివర స్థలంలో లేపిన నాలుగు గోడలు. పైన శ్లాబు లేదు, కింద ఇసుక.

ఓనరు అదిరిపడ్డాడు. "ఒరేయ్, మతి పోయిందా? గృహప్రవేశం కాకముందే చావేందిరా ఆ ఇంట్లో!"

"మా నాన్న సొంతింట్లో పోవాలి, అన్నా. అది సొంతిల్లే కదా."

వెనకే వెళ్లిన మాకు అక్కడ ఇంకో విస్మయం. గేటుకు అడ్డం నిలబడ్డ ఆ ఓనరే మాకంటే ముందే చేరి గోడెక్కి, సరివి కర్రలకు టార్పాలిన్ కడుతున్నాడు. అతని భార్య మంచం, దుప్పటి పంపింది. సాయంత్రం ఆ నీడలోనే పెద్దాయన కన్నుమూశాడు. మర్నాడు పాడెకు ముందు భుజం పట్టింది కూడా ఓనరే. ఆ మనిషిని ఏమనాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

శ్లాబు వేసే రోజు వెళ్లి, ఆగలేక ఆ కొడుకును అడిగాను. "ఈ ఇంట్లోనే ఉంటారా?"

ఈసారి తెల్లబోవడం అతని వంతైంది.

"ఎందుకుండను సార్? మా నాన్న పోయిన ఇల్లు. ఇక్కణ్ణుంచి మమ్మల్ని ఎవరు పొమ్మంటారు?"