రూతక్క చూసిన వాలబీ

ఇది ఒక మహత్తర అన్వేషణ గాథ. దట్టమైన అడవి, అరుదైన మృగం, ఒంటరి వీరుడు. కాదులెండి. వీరుడు చెట్టుచాటుకు ఒంటికి వెళ్లాడు, అంతే. కానీ అక్కడ చూసినదాని బరువు కొన్నేళ్లుగా మోస్తున్నాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

ఐర్లండ్‌లోని ములింగార్ ఊరి దగ్గరి అడవిలో మా తెలుగువాళ్ల వేసవి పిక్నిక్. అక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేసే రూతక్క, పులిహోర డబ్బా కోసం కారు దగ్గరికి వెళ్లి ఉత్త చేతులతో పరుగెత్తుకొచ్చింది.

"కంగారూ! చిన్నది! పొట్టసంచిలో పిల్ల కూడా ఉంది!"

ఐర్లండ్‌లో అలాంటివి తీరానికి అవతల ఒక దీవిలో ఉన్నాయంటారు. అడవుల్లో లేవు.

"నైట్ డ్యూటీ నుంచి నేరుగా వచ్చేశావా అక్కా?" అన్నాను. అందరూ నవ్వారు. నాకది చాలు, అన్నం కూడా అక్కర్లేదు.

కాసేపటికి నేను చెట్లలోకి వెళ్లాను. అది అక్కడే ఉంది. వాలబీ. కంగారూకి చిన్న చెల్లెలు అనుకోండి. ఆకు నములుతూ, క్యూ తప్పి వచ్చినవాణ్ణి చూసినట్టు నన్ను చూసింది. సంచిలోంచి ఒక చిట్టి చెవి బయటికి వేలాడుతోంది. ఫోటో తీశాను.

తిరిగి రాగానే రూతక్క నన్నే అడిగింది.

"తమ్ముడూ, నువ్వు అటే వెళ్లావుగా. నిజం చెప్పు, ఏమైనా కనబడిందా?"

ఫోటో జేబులో ఉంది. అందరూ నా నోటివైపు చూస్తున్నారు.

"కనబడిందక్కా. ఆస్ట్రేలియాకి బస్సు ఎన్నింటికని అడిగింది."

అందరూ పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది, అందరికన్నా ఆఖర్న.

వాట్సాప్ గ్రూపులో ఆమె 'ఆస్ట్రేలియా అక్క' అయింది. స్టిక్కర్ చేసింది నేనే. కొన్నాళ్లకు వాళ్లాయన కలిసినప్పుడు అన్నాడు: "కళ్లు పరీక్ష చేయించాం, గ్రాండ్‌గా ఉన్నాయన్నారు బ్రో, ఈమే నమ్మట్లేదు." మందుసీసా మీద పేరు కూడా అలాగే తప్పు చదువుతానేమోనన్న భయంతో, ఇష్టపడి చేసే వార్డు పని వదిలేసి అపాయింట్‌మెంట్ల డెస్కుకు మారిందట.

అప్పుడైనా చెప్పొచ్చుగా? చెప్పలేదు. పిరికితనమా? అంత పెద్ద మాట కూడా కాదు. ఒక జోకు బాగా పేలింది, దాన్ని వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు, ఆ తర్వాత ఆలస్యమైంది, ఆలస్యానికి సిగ్గేసింది, ఆ సిగ్గు కప్పుకోవడానికి ఇంకో జోకు వేశాను. ఒక మనిషి తన కళ్లనే అనుమానించుకుంటుంటే, నేను అప్పుడప్పుడూ ఆ ఫోటో తీసి చూసుకునేవాణ్ణి. దేనికి? నా కళ్లు బాగానే ఉన్నాయని.

ఈ ఉదయం దాన్ని ఆమెకు పంపాను. "నువ్వు చూసింది నిజం అక్కా. ఆ రోజే నేనూ చూశాను." జోకు లేకుండా ఆమెకు పంపిన మొదటి మెసేజ్ అదే. క్షమించమని అడగలేదు. అడిగే మొహం లేదు. చెప్పాక మాత్రం కాస్త ఊపిరాడుతోంది.

ఆమె ఇంకా చూడలేదు. డెస్కులో పనిచేసేవాళ్ల ఫోన్లు సాయంత్రం దాకా లాకర్లోనే ఉంటాయి.