డేకేర్ గోడకు నేను ఎంచిన తీగ

రిటైర్మెంటుకు ఇంకా ఐదేళ్లుందనగా, ఒక జూన్ నెలలో, హైటెక్ సిటీలోని ఓ ఐటీ క్యాంపస్ తోటపనికి నన్ను వేశారు. నేను ల్యాండ్‌స్కేప్ సంస్థలో సీనియర్ హార్టికల్చరిస్టుని. పేరు గొప్పగా ఉంటుంది గానీ, ఏ మొక్క ఎక్కడ నాటాలో తేల్చి, సంతకం పెట్టి, అది చస్తే సంజాయిషీ ఇచ్చుకునే ఉద్యోగం.

ఆ క్యాంపస్‌లో ఉద్యోగుల పిల్లలకు డేకేర్ ఉంది. దాని ముందు ఇనుప పందిరి వేసి, పక్కగోడకు సన్న కడ్డీల జాలీ బిగించారు. రెండింటికీ ఏటేటా నాటనక్కర్లేని బహువార్షిక తీగలు కావాలి. అవి మన నేల మొక్కలే అయి ఉండాలి, నీళ్లు తక్కువ తాగాలి. కంపెనీ వాళ్ల షరతులవి.

తీగను ఎంచేటప్పుడు అందరూ పువ్వు చూస్తారు. మేం ముందు బరువు చూస్తాం. పందిరి స్తంభాలు గట్టివి కాబట్టి మాధవీలత ఇచ్చాను. జాలీకి అది పనికిరాదు, నాలుగేళ్లలో కడ్డీలు వంచేస్తుంది. కాగితంపూల తీగకు ముళ్లు. శంఖుపుష్పం రెండు మూడేళ్లకే డీలా పడుతుంది. ఇక మిగిలింది గురువింద. చింతాకులాంటి సన్నని ఆకు, తేలికపాటి తీగ, ఎండకు బెదరదు.

గురువింద గింజ విషమని నాకు తెలుసు. పెంకు గట్టిది కనుక, చెక్కుచెదరని గింజ మింగినా చాలాసార్లు అలాగే బయటికి పోతుంది. పెంకు పగిలిందా, ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ప్లాంటింగ్ షెడ్యూల్‌లో, అంటే ఏ మొక్క ఎన్ని, ఎంత ఎడంలో నాటాలో చెప్పే పట్టికలో, చివరి గడిలో ఇంగ్లీషులో రాశాను: గింజ విషం, కాయ ముదరకముందే కత్తిరించాలి. రాసి నిశ్చింతగా ఇంటికెళ్లాను.

ఏడాది తర్వాత తోట నిర్వహణ మా చేతుల్లోంచి వేరే కాంట్రాక్టరుకు వెళ్లింది. ఇంకో ఏడాదికి, జనవరిలో, అదే క్యాంపస్‌లో మరో పని చూడ్డానికి వెళ్లి, నా తీగలు ఎలా ఉన్నాయోనని డేకేర్ వైపు నడిచాను.

గేటు దగ్గర మూడేళ్ల పాప ఒకతె ఎదురైంది. చేతికి ఎర్రపూసల గొలుసు. వంగి చూస్తే పూసలు కావు, గురువింద గింజలు. ప్రతి గింజకూ సూదిబెజ్జం ఉంది. రెండు గింజలు నమిలి పిప్పిచేసి ఉన్నాయి. ఇవెక్కడివని పక్కనున్న టీచరును అడిగాను.

క్రాఫ్టు క్లాసులో పిల్లలందరికీ చేశామని నవ్వుతూ చెప్పింది. జాలీ దగ్గర పాదులు తీస్తున్న మాలి యాదమ్మ లేచి వచ్చింది. తెల్లాపూర్ వైపు మనిషి.

"నేనే ఏరిచ్చిన మేడం. ఎర్రగ మస్తు ముద్దుగున్నయని. మేం చిన్నగున్నప్పుడు గివిటితోనే ఆడుకున్నం, ఏం గాలే."

వాళ్లు ఆడుకున్నది పెంకు పగలని గింజలతో. బెజ్జం పడితే లోపలి విషానికి దారి దొరికినట్టే. ఆ మాట యాదమ్మకు చెప్పాను.

"నాకెవలు జెప్పిన్రు మేడం?" అంది.

పిల్లలందరి చేతుల గొలుసులూ తెంపి డబ్బాలో వేశాం. మిగతావేవీ నమిలినవి కావు. పాపను ఆస్పత్రికి తీసుకెళ్లాం. దీనికి విరుగుడు లేదు, సెలైన్ పెట్టి కనిపెట్టుకుని ఉండాల్సిందేనని డాక్టరు చెప్పాడు. సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి. పాప కళ్లు లోపలికి పోయాయి.

వాళ్లమ్మ ఆ క్యాంపస్‌లోనే ఇంజినీరు. కోస్తా నుంచి వచ్చి మణికొండలో ఉంటున్నారు. రెండోరోజు వార్డు బయట నన్ను అడిగింది.

"అది విషమని మీకు ముందే తెలుసా అండీ?"

తెలుసని, రాసిపెట్టాను కూడానని చెప్పి, ఫోన్‌లో ఉన్న ఆ పట్టిక ఫొటో చూపించాను. ఆ సమయంలో నేను చేసిన పని అది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆమె చివరి గడి దాకా చదివి ఫోన్ తిరిగిచ్చింది.

"తెలిసీ పిల్లల గోడకి ఎందుకు పెట్టారండీ?"

నేను ఫోన్ సంచిలో పెట్టేశాను. తర్వాత ఇచ్చిన సంజాయిషీలో ఎంపిక తప్పు నాదేనని, మాలిది కాదని రాశాను.

నాలుగోరోజుకు పాప గట్టెక్కింది. ఆ వారమే గురువిందను వేళ్లతో సహా పెళ్లగించి, జాలీకి సన్నజాజి పెట్టించాం. దీనికి నీళ్లు కాస్త ఎక్కువ పోయాలి కదా అన్నారు కంపెనీ వాళ్లు. పోయండన్నాను.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, జాగ్రత్త అని రాయాల్సిన తీగను పిల్లలు తిరిగే చోటికి ఎంచలేదు. ఆ రోజు పట్టికలో నేను రాసిన ఒక్క వాక్యం నా ఉద్యోగాన్ని కాపాడింది. పిల్లల్ని కాదు.