పౌడరక్క సాక్ష్యం

ఆ టీవీ చానల్లో ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. అందరికీ ఆమె పౌడరక్క. మేకప్ గది ఆమె రాజ్యం. రాజ్యమంటే రెండు కుర్చీలు, చుట్టూ బల్బులు బిగించిన అద్దం, ఎప్పుడూ ఆరని స్పాంజీలు, కిటికీ లేని నాలుగు గోడలు. అయితేనేం, ఎంతటి మంత్రిగారైనా అక్కడికొచ్చాక కళ్ళు మూసుకుని గడ్డం పైకెత్తాల్సిందే.

ఆ గదికో రివాజుంది. ఎవరొచ్చినా వాళ్ళ ఒంటి రంగుకంటే రెండు మెట్లు తెల్లటి క్రీము రాయాలి. ఆ రివాజు ఎవరు పెట్టారో తెలియదు, తీసేద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు. నల్లగా వచ్చినవాళ్ళు గోధుమరంగులో తెర మీదికి వెళ్ళి, దేశంలో సమానత్వం లేదని బల్లగుద్ది చెప్పి, మళ్ళీ వచ్చి మొహం కడుక్కుని వెళ్ళేవారు.

పౌడరక్కది కొండల అవతలి జాతి. తాత రోడ్డు పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆమె ఇక్కడే పుట్టింది, ఇక్కడే పెళ్ళాడింది, ఇక్కడే మొగుణ్ణి పోగొట్టుకుంది. అయినా చిక్కటి నలుపూ, ఉంగరాల జుట్టూ చూసి "మీదే దేశమమ్మా?" అని అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు.

సాయంత్రం చర్చ నడిపే యాంకరుని చానలంతా సింహం అని పిలిచేది. ఆ పేరు ఆయనకీ ఇష్టమే. కుర్చీలో కూలబడగానే ఆయనకి ఏదో ఒక పరాచికం కావాలి. "అక్కా, కరెంటు పోతే నిన్నెక్కడని వెతుక్కోవాలి? కాస్త పళ్ళు కనపడేట్టు నవ్వుతూ ఉండు తల్లీ!" పౌడరక్క నవ్వేది. నవ్వకపోతే ఏమవుతుందో పరీక్షించి చూసే తీరిక అద్దె ఇంట్లో ఉండేవాళ్ళకి ఉండదు. పైగా మనిషి దుర్మార్గుడూ కాదు. ఆమె మొగుడు ఆస్పత్రిలో పోతే అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది ఆయనే. తిట్టుకోవడానికి కూడా సగం నోరే వచ్చేది ఆమెకి.

ఇంటికెళ్ళి కూతురికి చెబితే ఆ పిల్ల ఒంటికాలి మీద లేచేది. "మొహం మీదే అనెయ్యొచ్చు కదమ్మా! ఏం, నోరు లేదా నీకు?"

ఆ కూతురే ఇప్పుడు అదే చానల్లో వాతావరణ వార్తలు చదివే ఉద్యోగానికి ఎంపికైంది. గొంతు బాగుందన్నారు, ఉచ్చారణ బాగుందన్నారు. ఉత్తర్వు మీద సంతకం మాత్రం పడలేదు. సింహం ఒక్క మాటంటే పడుతుంది, ఒక్క మాటంటే ఆగుతుంది.

సరిగ్గా అప్పుడే పోటీ చానల్ యాంకరు ప్రత్యక్ష ప్రసారంలో నోరు జారాడు. కొండల అవతలి జాతి కుర్రాడొకడు పరుగు పందెం గెలిస్తే, "చీకట్లో పరిగెత్తిస్తే వీడు గెలిచాడో లేదో కూడా తెలియదు" అన్నాడు. ఇంకేముంది! సింహం చానల్ దుమ్మెత్తిపోసింది. తెరంతా ఎర్రటి అక్షరాలు. రోజూ మేకప్ గదిలో సింహం అనే మాటకీ దీనికీ అక్కాచెల్లెళ్ళ పోలిక ఉందని ఆ భవనంలో ఒక్కరికీ తట్టలేదు. తట్టినవాళ్ళు టీ తాగడానికి వెళ్ళారు.

మధ్యాహ్నం ప్రొడ్యూసరు కుర్రాడు రొప్పుకుంటూ వచ్చాడు.

"అక్కా, సాయంత్రం చర్చలో మీరు కూర్చోవాలి. మీ జాతి మనిషి మా దగ్గరే ఉందని చూపిద్దాం."

"నేనా బాబూ? నాకేం మాట్లాడ్డమొచ్చు?"

"ఉన్నదున్నట్టు చెప్పండి చాలు. మేకప్ వద్దు. కాస్త నల్లగా కనపడితేనే బావుంటుంది, లైటు కూడా తగ్గిస్తాం."

ఆ గది పుట్టాక ఒక మొహానికి క్రీము వద్దనడం అదే మొదలు.

సెట్లో లైట్లు వెలిగాయి. సింహం గర్జించి, బల్లగుద్ది, పోటీ చానల్‌ని ఉతికి ఆరేసి, ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"చెప్పక్కా. ఇన్నేళ్ళుగా మీడియాలో పనిచేస్తున్నావు. నీ రంగు గురించి నిన్నెవరైనా ఒక్క మాటన్నారా?"

ఆయన కళ్ళల్లో భయం లేదు. తను అన్నది ఆయనకి నిజంగానే గుర్తు లేదని ఆమెకి ఆ క్షణంలో అర్థమైంది. సంతకం పడని కాగితం కళ్ళముందు ఆడింది.

"లేదు సార్. ఇక్కడ నన్నెవరూ ఏమీ అనరు. సొంత మనిషిలా చూసుకుంటారు."

ఆ ముక్కని కత్తిరించి వారమంతా వేశారు. పోటీ యాంకరు ఉద్యోగం ఊడింది. సింహానికి పొగడ్తల వాన కురిసింది. కూతురి ఉత్తర్వు మీద సంతకం కూడా పడింది.

ఇంట్లో కూతురు ఆ ముక్క చూసింది. ఒంటికాలి మీద లేవలేదు. "అన్నం పెట్టనా అమ్మా?" అని మాత్రం అడిగింది. పౌడరక్కకి అదే ఎక్కువ భయమేసింది.

ఉద్యోగంలో చేరిన రోజు కూతురు వచ్చి అమ్మ కుర్చీలో కూర్చుంది. రివాజు ప్రకారం తల్లి రెండు మెట్లు తెల్లటి డబ్బా తీసి, కన్న కూతురి బుగ్గ మీద రాయడం మొదలుపెట్టింది. సింహం తలుపు దగ్గర ఆగి ఒక చూపు చూశాడు.

"అక్కా, ఈ పిల్లకి డబ్బా చాలదు, బస్తా తెప్పించనా?"

పౌడరక్క చేయి ఆగిపోయింది. ఇప్పుడు ఈ పిల్ల లేచి ఏం అంటుందో, ఉద్యోగం గంటలో పోతుందేమోనని భయపడింది. నిజం చెప్పాలంటే, అననీ, పోతే పోనీ అని కూడా మనసులో ఓ మూల అనిపించింది.

కూతురు పకపకా నవ్వింది. సింహం హాయిగా వెళ్ళిపోయాడు.

"ఎందుకే నవ్వావు?" తల్లి గొంతు తగ్గించి అడిగింది. "ఇంట్లో అంత ఎగిరేదానివి, నువ్వైనా ఓ మాటనొచ్చు కదే?"

కూతురు కళ్ళు తెరవలేదు.

"ఎలా అంటానమ్మా? అంటే లోకమంతా నిన్ను అబద్ధాలకోరంటుంది."