మా ఆయనా, కిటికీ పక్క సీటూ

మా ఆయన పేరు త్రికోటేశ్వరరావు. గురజాలలో సిమెంటు కొట్టు. ఊళ్ళో ఎవరినడిగినా చానా మంచి మనిషి అంటారు. ఆయనతో కలిసి బస్సెక్కని వాళ్ళు చెప్పే మాట అది.

బస్సు స్టాండులోకి మలుపు తిరుగుతుండగానే ఆయన భుజం మీది తువ్వాలు చేతిలోకొస్తుంది. బస్సు ఆగదు, దిగేవాళ్ళు దిగరు, ఈలోపే ఆ తువ్వాలు కిటికీలోంచి దూరి డ్రైవరు వెనక రెండో సీట్లో పడుతుంది. ఒకసారి నరసరావుపేటలో తువ్వాలు తేవడం మర్చిపోయి నా హ్యాండ్‌బ్యాగు విసిరాడు. గురి తప్పలేదు, బస్సే తప్పు. అది వినుకొండ వెళ్ళే బస్సు. నేను చూడని వినుకొండ నా బ్యాగు చూసొచ్చింది.

తువ్వాలు వేసిన సీటు వేసినవాడిదే అన్నది ఆయనకి వేదం. పక్కవాడి తువ్వాలు కూడా చచ్చినా జరపడు, ఎవరైనా జరిపితే కండక్టరుని పిలిచి పంచాయితీ పెడతాడు. బస్సు ధర్మం దగ్గర తనా పరా లేదు. ఆ ఒక్కటీ ఒప్పుకోవాలి.

ధర్మమంతా బాగానే ఉంది, మరి ఆ రెండు సీట్లలో కిటికీ పక్కది ఎవరిది? ఆయనదే. పోనీ బయటికి చూస్తాడా అంటే, ఊరి పొలిమేర దాటకుండానే కిటికీకి తల ఆనించి గురక పెడతాడు. నేను ఆ గురక మీదుగా మెడ చాచి చూడాలి. ముప్పై రెండేళ్ళ కాపురంలో నేను కిటికీ పక్కన ఎన్నిసార్లు కూర్చున్నానో కచ్చితంగా చెప్పగలను, హైస్కూల్లో లెక్కల టీచర్ని కదా. సున్నా. "గాలి ఆడట్లేదండీ" అంటే చదివిన పేపరు మడిచి చేతిలో పెట్టి ఊపుకోమనేవాడు. "ఆ చేలు ఎంత బాగున్నాయో" అంటే "మన చేలు లేవా" అనేవాడు, కళ్ళు తెరవకుండానే.

నిరుడు అమ్మకాలు బాగున్నాయని సిమెంటు కంపెనీ వాళ్ళు డీలర్లకి విదేశీ యాత్ర ప్రకటించారు. అందరూ బ్యాంకాక్ అనుకుని లోలోపల సంబరపడ్డారు. తీరా అది స్కాట్లండ్ అనీ, పెళ్ళాలతో వెళ్ళాలనీ తేలేసరికి సగం మందికి పాస్‌పోర్టులు కనపడకుండా పోయాయి, మిగతా సగానికి మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. చివరికి మిగిలింది మేమిద్దరమే. "ఊరికే వచ్చేదాన్ని వదులుకుంటామా" అన్నాడు మా ఆయన.

నాకు మాత్రం ఒక్కటే లెక్క. అయిదు రోజులు బస్సులోనే తిప్పుతారట, కొండలూ సరస్సులూ చూపిస్తారట. ఈసారి కిటికీ పక్క సీటు నాది కావాలి. కాకపోతే ఈ జన్మకి ఇక కాదు.

ఎడిన్‌బరోలో పొద్దున్నే హోటలు ముందుకి బస్సొచ్చింది. అద్దాల మేడలా ఉంది. ముప్పై ఆరుమంది, మేం తప్ప అందరూ తెల్లవాళ్ళు, వరసగా నిలబడి ఉన్నారు. నేను వద్దనేలోపే మా ఆయన తువ్వాలు విసిరేశాడు. ఆ బస్సు అద్దాలు తెరుచుకోవు. తువ్వాలు అద్దానికి కొట్టుకుని, నింపాదిగా జారి వాననీళ్ళ గుంటలో పడింది. వరసలో వాళ్ళంతా తువ్వాలునీ, మమ్మల్నీ మార్చి మార్చి చూశారు.

"ఇదేం బస్సే, కిటికీ తెరుచుకోకపోవడమేంది!" అని గొణుక్కుంటూ, తువ్వాలు పిండుకుని, తలుపులోంచి దూరి రెండో వరస సీట్ల మీద పరిచి వచ్చాడు. గైడు ఫియోనా అని అరవై ఏళ్ళావిడ. ఆ తడి తువ్వాలు చూసి, పాపం ఎవరో మర్చిపోయారనుకుని పట్టుకొచ్చి అందరినీ అడిగింది. మాదే అన్నాం. ఇచ్చింది. మా ఆయన మళ్ళీ పరిచొచ్చాడు. ఆవిడ మళ్ళీ తెచ్చిచ్చింది. మూడోసారి నన్ను పక్కకి పిలిచి, మీవారికి మతిమరుపు ఎప్పట్నించి అని జాలిగా అడిగింది. "పెళ్ళయినప్పట్నించి" అన్నాను.

ఎలాగైతేనేం, రెండో వరసే దొరికింది. ఆయన కిటికీ పక్కకి జరిగాడు. నేను నడవా వైపు కూర్చున్నాను. ఊరు దాటగానే పచ్చటి కొండలు మొదలయ్యాయి. మా ఆయన ఫోను కిటికీకి ఆనించి, వీడియో ఆన్ చేసి, ఇంటికెళ్ళాక తీరిగ్గా చూడొచ్చులే అని నిద్రపోయాడు. ఆ వీడియో తర్వాత చూశాను. రెండు గంటలూ ఆయన కుడి చెవే ఉంది.

సాయంత్రం హోటల్లో దిగేసరికి నాకు మెడ పట్టేసింది, ఒళ్ళు మండిపోయింది. ఏడు సముద్రాలు దాటొచ్చినా నా రాత ఇంతేనా అనుకున్నాను.

రెండోరోజు పొద్దున ఫియోనా మైకులో ఒక నియమం చెప్పింది. ముందు సీట్లు అందరికీ అందాలి కనక రోజుకి రెండు వరసలు వెనక్కి జరగాలట. మా ఆయనకి ఆవిడ ఇంగ్లీషు అందలేదు. "ఏందంట?" అని నన్నడిగాడు. నేను చెప్పాను. అక్కడితో ఆగొచ్చు. కానీ ఆగలేదు.

"ఇంకోటి కూడా చెప్పింది. జంటలు కిటికీ సీటు కూడా రోజుకొకళ్ళు మార్చుకోవాలంట. ఇవాళ నా వంతు."

"మార్చుకోకపోతే?"

"పెనాల్టీ."

ముప్పై ఏళ్ళుగా పిల్లలకి అబద్ధమాడకూడదని చెబుతున్నదాన్ని. నాలుక తడబడలేదు. "రూలంటే రూలే" అని మా ఆయన లేచి దారిచ్చాడు.

ఆ రోజు నేను చూసింది ఎవరికి చెప్పినా అతిశయోక్తి అంటారు. ఒక సరస్సు, కనుచూపు మేర నీళ్ళే, బస్సు దాని ఒడ్డునే గంటసేపు పోయింది. కళ్ళ మీదికి జుట్టు పడ్డ ఎర్ర ఆవులు. ఒక గొర్రె గోడ పక్కన నిలబడి నావైపే చూసింది. నాకు ఏడుపొచ్చింది. యాభై నాలుగేళ్ళ దాన్ని, కిటికీ దొరికిందని ఏడ్చాను. సిగ్గు పడలేదు.

మూడోరోజు నా రూలు నాకే తగులుకుంది. వంతు ఆయనది. స్కై అనే దీవికి తీసుకెళ్ళారు, అందం అంతా అక్కడే ఉందట. ఆయన పోనూ రానూ నిద్రపోయాడు. నేను పళ్ళు కొరుక్కుంటూ నాలుగోరోజు కోసం చూశాను.

నాలుగోరోజు గ్లెన్‌కో లోయ. కిటికీ నాది. అటూ ఇటూ నల్లటి కొండలు, వాటి మీంచి సన్నగా జారే నీళ్ళు. నేను అద్దానికి ముక్కు ఆనించి కూర్చున్నాను. నడవా వైపు కూర్చున్న మా ఆయనకి తల ఆనించడానికి అద్దం లేదు. కునికినప్పుడల్లా తల నడవాలోకి వేలాడుతోంది, మలుపుకో మెలకువ. నిద్ర రాని మనిషికి పక్కవాళ్ళ మీద ధ్యాస పోతుంది. ముందు సీట్లో కెనడా నుంచి వచ్చిన ముసలి దంపతులు. నాలుగు రోజులుగా కిటికీ పక్కన ముసలాయనే కూర్చున్నాడని మా ఆయన కనిపెట్టాడు.

అన్యాయం జరిగింది పాపం ముసలామెకి. ఊరుకుంటాడా? బస్సు ఆగీ ఆగగానే, నేను పట్టుకునేలోపే, వెళ్ళి ఫియోనా ముందు నిలబడ్డాడు.

"మేడమ్! దిస్ మ్యాన్ ఫోర్ డేస్ విండో. వైఫ్ నో విండో. రూల్ బ్రేక్. పెనాల్టీ!"

"ఏ రూలు?" అంది ఫియోనా.

మా ఆయన నా వైపు చూశాడు. ఫియోనా చూసింది. ముసలాయన చూశాడు. నేను కొండల వైపు చూశాను. ముసలామె మాత్రం విషయం అడిగి తెలుసుకుని, అంతకంటే మంచి రూలు తన జన్మలో వినలేదంది. మొగుడి కోటు తీసి నడవా వైపు సీట్లో పడేసి, తను కిటికీ పక్కన స్థిరపడింది.

మిగతా వాళ్ళంతా ఫొటోలకి దిగారు. మేమిద్దరం ఆ సన్నటి జల్లులో ఒక రాతిగోడ పక్కన నిలబడ్డాం.

"రూలు లేదంటగా" అన్నాడు.

"లేదు."

"మరి అబద్ధమెందుకు చెప్పావే? కావాలంటే నేనియ్యనా?"

ముప్పై రెండేళ్ళ మంట ఒక్కసారిగా ఎగదన్నింది. "ఏనాడన్నా ఇచ్చారా?" అని అరిచాను. అక్కడ మేస్తున్న గొర్రెలు తలెత్తాయి.

"ఏనాడన్నా అడిగావా?"

చెప్పడానికి నోరు తెరిచాను. ఫలానా ఏడు, ఫలానా బస్సు అని వరసపెట్టి అప్పజెప్పాలనుకున్నాను. ఒక్కటీ దొరకలేదు. "గాలి ఆడట్లేదన్నాగా" అన్నాను చివరికి.

"పేపరిచ్చాగా."

వెటకారం కాదు. నిజంగానే ఇచ్చాడు, నిజంగానే అంతే అర్థమైంది ఆ మనిషికి. పైగా అంటాడు, "మన బస్సుల్లో కిటికీ పక్కన ఏముందే? ఎండ, దుమ్ము, ముందోడు ఉమ్మితే తుంపర. నీ మీదెందుకని నేనే కూచుంటా." అందులో సగం నిజమై ఉంటుంది. మిగతా సగం గాలికి పట్టే కునుకు. నాకు కోపం తగ్గలేదు, కానీ అందులో కొంత నా మీదికే తిరిగింది. ఇన్నేళ్ళు మూతి ముడుచుకు కూర్చున్నాను గానీ, నోరు తెరిచి నాకు కావాలి అని ఒక్కనాడు అనలేదు.

"అయితే ఇప్పుడు అడుగుతున్నా" అన్నాను. "కిటికీ పక్క సీటు నాకు కావాలి. ఇక్కడే కాదు, మన ఊళ్ళో కూడా."

"నరసరావుపేట బస్సులోనా?" అన్నాడు, ఎకరం పొలం రాసిమ్మన్నట్టు మొహం పెట్టి.

"నరసరావుపేట బస్సులోనే."

ఫియోనా పిలిస్తే వెళ్ళి బస్సెక్కాం.

ఊరొచ్చిన వారానికి నరసరావుపేటలో పెళ్ళికి బయల్దేరాం. గురజాల స్టాండులో బస్సు కిక్కిరిసి ఉంది. నేను తోసుకుంటూ ఎక్కేసరికి ఆయన అప్పటికే కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. వెళ్ళి ఆ సీటు పక్కన నిలబడ్డాను. అడగాల్సింది అడిగేశాను. ఆయన నన్ను చూశాడు, కిటికీని చూశాడు, ఇంకోసారి నన్ను చూశాడు. మోకాళ్ళు పట్టుకుని లేచి, నడవాలోకి వచ్చి నిలబడ్డాడు.

"పో, కూచో" అన్నాడు. "పట్టుచీర పాడైందని నన్నడగమాక."

పిడుగురాళ్ళ దగ్గర ముందు పోయే సున్నపు రాళ్ళ లారీ దుమ్మంతా నా జుట్టు మీదా, పట్టుచీర మీదా పడింది. చెప్పానా అన్నట్టు పక్కనుంచి దగ్గాడు. నేను కిటికీ మూయలేదు.