ఏడో గ్లాసు

మా అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. పిల్లలందరికీ స్వెటర్ మావయ్య, పెద్దవాళ్ళకి ఉత్త స్వెటర్. మండుటెండలో కూడా ఊదారంగు స్వెటర్ తొడుక్కుని, గుండీలు మెడదాకా పెట్టుకుని తిరిగేవాడు. కోల్డ్ స్టోరేజీలో తలుపు దగ్గర ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేశాడు కదా, ఎముకల్లో చలి దిగిపోయి ఉంటుందని మాకు మేమే సర్దిచెప్పుకునేవాళ్ళం.

ఆయనకి ఇంకో జబ్బు కూడా ఉండేది. ఏ తలుపు మూసే ముందైనా మూడుసార్లు తట్టి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడిగి, కాసేపు ఆగి అప్పుడు వేసేవాడు. బాత్రూం తలుపైతే సరే అనుకుందాం. బీరువాకీ అంతే, ఆఖరికి ఫ్రిజ్‌కీ అంతే. "పాలగిన్నె పలుకుతుందేమో చూడరా" అని అమ్మ ఏడిపించేది. నాకు పదేళ్ళప్పుడు ఓసారి ఆయన బీరువా తడుతుంటే, వెనక నక్కి, గొంతు మార్చి "ఉన్నాను" అన్నాను. నవ్వుతాడనుకున్నాను. మావయ్య ఉన్నచోటే కూలబడిపోయాడు. మర్నాటిదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. అమ్మ నా వీపు విమానం మోత మోగించింది గానీ, ఎందుకో చెప్పలేదు. ఆవిడకీ తెలీదని ఇప్పుడు అర్థమవుతోంది.

నాకు టైపింగ్ షాపుంది. అర్జీలు, కరపత్రాలు, ఎవరూ చదవని కవితల పుస్తకాలు కొట్టిపెడతాను. తప్పు కనబడితే నా చెయ్యి ఊరుకోదు. నన్ను చూస్తే కవులకి హడల్. ఆ చెయ్యే నా కొంప ముంచింది.

రిటైరైన రెండేళ్ళకి మావయ్య మూడు నోటుపుస్తకాలు చంకలో పెట్టుకుని షాపుకొచ్చాడు. నవల రాశాట్ట. అదీ వేరే గ్రహం మీద నవల. నాకు నవ్వాగలేదు. రాకెట్టు ఎలా దిగిందో రాయలేదేం అంటే, "దిగింది. దిగాక కదా కష్టాలు" అన్నాడు.

"చివరి అధ్యాయం ఏది మావయ్యా?"

"అది రావడంలేదు, అమ్మడూ. ముందు ఉన్నది కొట్టు. చదివించాల్సిన ఆవిడ ఒకావిడ ఉంది. పెద్దదైపోయింది, చూపు తగ్గిపోతోందట. ఆవిడ ఉండగా అందాలి."

ఎవరావిడ అంటే మాట దాటేశాడు. ఈ వయసులో ఇదేం సరసం అని మనసులో నవ్వుకున్నాను కూడా. నా నోటికీ బుద్ధికీ ఎప్పుడూ తాళం ఉండదు.

కొట్టడం మొదలుపెట్టాక నవ్వు పోయింది. ఆ గ్రహం మీద సూర్యుడు నలభై రోజులకోసారి పొడుస్తాడు, అదీ బటానీ గింజంత. మిగిలింది ఆరుగురు మనుషులు, మంచు కింద తవ్వుకున్న ఒక్క గది, దానికో ఇనప తలుపు. చలి ముందు నొప్పిగా ఉంటుందిట, తర్వాత దురద, ఆ తర్వాత హాయి. హాయి మొదలైందంటే మనిషిని కొట్టైనా లేపాలిట. వట్టి చేత్తో ఇనుము ముట్టుకుంటే చర్మం ఇనుముకే ఉండిపోతుందిట. ఇవన్నీ ఊహించి రాసినట్టు లేవు. మధ్యాహ్నం ఫ్యాను కింద కొడుతూ కొడుతూ లేచి ఫ్యాను కట్టేశాను.

సాయంత్రమయ్యేసరికి అందరూ గదిలోకొస్తారు. తలుపు కాసే మనిషి గ్లాసుల్లో వేడినీళ్ళు పోసిపెడతాడు. ఏడు గ్లాసులు. ప్రతి సాయంత్రమూ ఏడే. ఆరుగురికి ఏడేమిటి, పెద్దాయన లెక్క తప్పాడు పాపం అనుకున్నాను. ఒక్క మాట అడుగుదామని తోచలేదు, నాకంత తెలివి. ఇరవై మూడు చోట్ల ఏడుని ఆరు చేసి పారేశాను.

మావయ్య షాపులో స్టూలు మీద కూర్చుని కాగితాలన్నీ చదివాడు. మెచ్చుకుంటాడని నేను ఎదురుచూస్తున్నాను. తలెత్తాడు.

"గ్లాసేది?"

"ఏ గ్లాసు?"

"ఏడోది."

"ఆరుగురికి ఏడెందుకు మావయ్యా, లెక్క సరిచేశాను."

"నేనూ అదే చేశాను" అన్నాడు.

ఆ తర్వాత చెప్పాడు. ఎవరికీ చెప్పనిది, నా షాపులో, కంప్యూటర్ వైపు చూస్తూ చెప్పాడు.

కోల్డ్ స్టోరేజీలో పద్ధతి ఒకటుంది. లోపలికెళ్ళే ప్రతి హమాలీ తన ఇత్తడి టోకెను తలుపు పక్క మేకుకి తగిలించి వెళ్ళాలి, బయటికొచ్చాక తీసుకోవాలి. మేకులన్నీ ఖాళీ అయితేనే తలుపు వెయ్యాలి. ఏడుగురు హమాలీలు. వాళ్ళలో ఒకణ్ణి ఈల అనేవారు. ఎప్పుడూ ఈల వేస్తూ ఉండేవాడు, పరమ మతిమరుపు. పనైపోయాక టోకెను మేకుకే వదిలేసి ఇంటికి పోయేవాడు. వారానికి నాలుగుసార్లు మావయ్యే దాన్ని తీసి డ్రాయర్లో వేసేవాడు.

ఆ శనివారం సాయంత్రం ఒక్క టోకెను మిగిలింది. ఏడో నంబరు. బయట కంపెనీ బస్సు హారన్ కొడుతోంది. ఈలగాడు మళ్ళీ మర్చిపోయాడనుకుని మావయ్య టోకెను తీసేశాడు. లోపలికి ఓ కేకైనా వెయ్యకుండా తలుపేశాడు. ఆదివారం పొద్దున ఈల వాళ్ళక్క మావయ్య ఇంటికొచ్చి, తమ్ముడు ఇంటికి రాలేదని అడిగింది. ఎప్పుడో వెళ్ళిపోయాడని చెప్పి పంపేశాడు. సోమవారం తలుపు తీశారు. లోపలినుంచి తీసుకునే గొళ్ళెం మంచు పట్టి బిగుసుకుపోయి ఉంది, దాని కిందే ఈల.

"మేకుకి ఏమీ లేదని చెప్పాను, అమ్మడూ. వాడు అసలు టోకెనే తగిలించలేదని చెప్పాను. అందరూ నమ్మారు. వాడంత మతిమరుపు మనిషి కదా. నన్నెవరూ ఒక్క మాట అనలేదు."

స్వెటర్ లోపలి జేబులోంచి ఇత్తడి బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. అరిగి నున్నబడింది, ఏడు అంకె మాత్రం చేతికి తగులుతోంది. ఆ స్వెటర్ ఎందుకు విప్పడో అప్పుడు తెలిసింది నాకు. చిన్నప్పుడు బీరువా వెనకనుంచి నేనన్న మాట గుర్తొచ్చింది. ఆ సాయంత్రమే గ్లాసులన్నీ ఎక్కడివక్కడ తిరిగి పెట్టేశాను.

ఆ వచ్చే ఆదివారం పొద్దున ఇద్దరం కాగితాలు పట్టుకుని వెళ్ళాం. నవల వినాల్సిన ఆవిడ ఈల వాళ్ళక్కే. ఆవిడది మేడ మీద ఒంటిగది. కిటికీ పక్కన కుట్టుమిషను, గోడకి టేపు, నేలంతా గుడ్డముక్కలు. కళ్ళు దాదాపు కనబడవు, అయినా మావయ్య గొంతు గుర్తుపట్టేసింది. "ఎవరూ, తలుపాయనా? ఇన్నేళ్ళకి దారి తప్పారా?" అని నవ్వి, గుడ్డముక్కలు పక్కకి నెట్టి కూర్చోబెట్టింది.

నేను చదవడం మొదలుపెట్టాను. ఆవిడ మిషను మీద మోచెయ్యి ఆనించి విన్నది. గ్లాసుల దగ్గరకొచ్చేసరికి, "ఏడోది ఎవరికమ్మా?" అంది.

మావయ్య లేచి నిలబడ్డాడు. టోకెను ఆవిడ అరచేతిలో పెట్టాడు. "ఇది మేకుకే ఉందక్కా. నేనే తీశాను. లేదని అబద్ధం చెప్పాను."

ఆవిడ బిళ్ళని వేళ్ళతో తడిమింది. అంకె మీద బొటనవేలు చాలాసేపు అలాగే ఉంచింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆ శనివారం పొద్దున వాడిచేత నా తల మీద చెయ్యి వేయించుకుని ఒట్టు పెట్టించుకున్నాను" అంది. "వెళ్ళేప్పుడు తగిలిస్తానని, వచ్చేప్పుడు తీస్తానని. నువ్వు లేదన్నాక, నా మీద ఒట్టు కూడా గాలికొదిలేశాడనుకున్నాను. పాతికేళ్ళ పైగా పోయినవాణ్ణి తిట్టుకున్నాను. వాడి ఫోటో కూడా గోడకి పెట్టుకోలేదు."

చివరి అధ్యాయం మావయ్య ఎందుకు రాయలేకపోయాడో అర్థమైంది, ఇది కాగితం మీద రాసేది కాదు.

"ఆయన్ని బయట కూర్చోమను" అంది నాతో. "తలుపేసి రా. ఉన్నదంతా చదువు."

మావయ్య తల దించుకుని బయటికి నడిచాడు. మెట్ల మీద కూర్చున్నాడు. నాకు ఆయన మీద కోపమూ జాలీ ఒకేసారి పొంగుకొచ్చాయి. ఏం చెయ్యాలో తోచక చెప్పింది చేశాను. తలుపు దగ్గరగా లాగి, గొళ్ళెం మీద చెయ్యి వేశాను.

బయటినుంచి మూడుసార్లు తట్టిన చప్పుడు. ఆ వెంటనే మావయ్య గొంతు, ఎప్పటిలాగే.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

నేను గొళ్ళెం వదిలేశాను. పదేళ్ళ వయసులో అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ టోకెను గుప్పిట్లో బిగించి తలుపు వైపు తిరిగింది.

"ఉన్నాడు" అంది.

నేను వచ్చి కూర్చుని, ఏడో గ్లాసు దగ్గరనుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టాను.