గుండీల డబ్బాలో ప్రాసెసర్

మొన్న పొద్దున నా చొక్కా గుండీ ఒకటి ఊడిపోతే, మా ఆవిడ తన గుండీల డబ్బా తెచ్చి చాప మీద బోర్లించింది. ఎప్పటిదో బిస్కట్ల డబ్బా అది. మూత మీది రాజావారి బొమ్మ చెరిగిపోయి మీసాలు మాత్రం మిగిలాయి. పిల్లల స్కూలు చొక్కాల గుండీలు, నా పెళ్ళి కోటు గుండీలు, ఎవరివో తెలియని ఇత్తడి గుండీలు అన్నీ అందులో కాపురం చేస్తుంటాయి. వాటి మధ్య నుంచి అగ్గిపెట్టంత బిళ్ళ ఒకటి బయటపడింది. కింద వెంట్రుకల్లాంటి సన్నటి పిన్నులు, బంగారు రంగువి. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి, "ఇదేం గుండీనయ్యా, దారం ఏడ ఎక్కియ్యాలె?" అంది. అది గుండీ కాదు, కంప్యూటర్ ప్రాసెసర్. మా బామ్మర్ది దుకాణంలో చేతనైనంత చేసి, చేతకాక రిటైరై మా ఇంటికి చేరింది.

మా బామ్మర్ది, అంటే ఆమె తమ్ముడు, కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంట్లో పుట్టాడు. నేత మీద ఇల్లు నడవడం కష్టమయ్యాక ముందు గదికి షట్టర్ పెట్టించి గేమింగ్ సెంటర్ తెరిచాడు. వెనక గదిలో రెండు మగ్గాలు, ముందు గదిలో ఆరు కంప్యూటర్లు. వెనక మా అత్తమ్మ పంజాతో, అంటే ఇనుప దువ్వెనతో, అడ్డపోగుల పేకను దబదబా కొడుతుంటే, ముందు కాలేజీ పిల్లలు తెర మీద ఒకరినొకరు కాల్చుకునేవారు. అత్తమ్మకు కాస్త చెవుడు కనుక ఎవరికీ ఇబ్బంది లేదు. ప్రతి కంప్యూటర్ కిందా ఆమె నేసిన చిన్న జంపఖానా ముక్క ఉండేది. దసరాకు మగ్గాలతో పాటు కంప్యూటర్లకూ కుంకుమ బొట్టు పెట్టేవాళ్ళు. ఒక ఏడాది బొట్టు మరీ భక్తిగా ఫ్యాన్ మీదే పెట్టేసరికి, స్విచ్ వేయగానే అది గది గోడలకంతా బొట్టు పెట్టింది.

నాలుగేళ్ళు బాగానే నడిచింది. తర్వాత హనుమకొండలో ఎవరో కొత్త సెంటర్ తెరిచారు. కొత్త ఆటలు వచ్చాయి, మావాడి కంప్యూటర్లు వాటిని మోయలేకపోయాయి. ఆటలో బొమ్మ సాఫీగా కదలాలంటే సెకనుకు ఎన్నో బొమ్మలు వరసగా గీసి చూపించాలి. వాటినే ఫ్రేములంటారు. ఆ లెక్క పడిపోతే ఆటకు నత్తి వస్తుంది. "అంకుల్, అటకాయిస్తాంది. నేను కాల్చేలోపు వాడు నన్ను కాల్చి చాయ్ తాగి పోతాండు," అని పిల్లలు ఒక్కొక్కరే హనుమకొండ దారి పట్టారు. కార్డులమ్మే ఆయన, బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డే కాబట్టి కార్డులు మార్చమన్నాడు. మావాడు రెండు మగ్గాల్లో ఒకటి అమ్మి కార్డులు తెచ్చాడు. ఫ్రేములు అక్కడే ఉన్నాయి. అదే పెద్దమనిషి మళ్ళీ వచ్చి, ఇంకా పెద్ద కార్డులు కావాలన్నాడు. ఆ ఇంట్లో అమ్మడానికి ఇక మిగిలింది అత్తమ్మ కూర్చునే మగ్గం ఒక్కటే. దానికి బేరమూ కుదిరింది. హైదరాబాదులో ఏదో హోటల్‌వాళ్ళు వాకిట్లో అలంకారానికి పాత మగ్గం కావాలన్నారట, ఆదివారం లారీ పంపుతామన్నారట. మనిషి కూర్చుని నేస్తున్న మగ్గాన్ని తీసుకుపోయి, ఎవరూ నేయకుండా తాడు కట్టి నిలబెట్టడం అలంకారమా? ఈ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అత్తమ్మ మాత్రం "అమ్ముకోరా, నా చేతులు ఇంకెన్ని పొద్దులు ఆడతయి," అని మళ్ళీ పంజా అందుకుంది.

సంగతి మా ఆవిడ ద్వారా తెలిసి శుక్రవారం పొద్దున్నే వెళ్ళాను. నేను బడిలో చదివింది తక్కువ. జిన్నింగ్ మిల్లులో కరెంటు పని చేస్తూ, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు కూడబలుక్కున్నాను. రేడియోతో మొదలుపెట్టి కంప్యూటర్ దాకా విప్పి చూసే నేర్చుకున్నాను. నా పద్ధతి ఒకటే. ఏది పాడైందో తెలియకుండా దేన్నీ మార్చకూడదు. మా బామ్మర్ది నన్ను చూడగానే, "వచ్చినవా బావా, ఇప్పటిదాంక నా నెత్తి తిననిది నువ్వొక్కనివే," అని కుర్చీ జరిపాడు.

ముందు డబ్బాలు విప్పి దుమ్ము దులిపాను. వేడి సరిగానే ఉంది. తర్వాత ఒక ఆట పెట్టమని, బొమ్మను బాగా మొరటుగా, తక్కువ రిజల్యూషన్‌లో చూపించమన్నాను. కార్డుకు అలా పని తగ్గించినప్పుడు ఫ్రేములు పెరిగితే, ఆలస్యం కార్డు దగ్గర ఉన్నట్టు. బొమ్మ చెరిపిన పలకలా తయారైంది గాని ఫ్రేములు మాత్రం కదల్లేదు. ఆటలో ఖాళీ గోడ వైపు తిరిగి నిలబడితే పెరిగాయి, జనం కనిపించగానే పడిపోయాయి. ఎవడు ఎటు ఉరికాడు, ఏ గుండు ఎవడికి తగిలింది అన్న లెక్కంతా ప్రాసెసర్‌ది. అది లెక్క తేల్చి అందిస్తేనే కార్డు బొమ్మ గీస్తుంది. కార్డు ఎంత పని చేస్తోందో చూస్తే సగం సమయం ఊరికే కూర్చుంది.

"ప్రాసెసర్‌ను మాత్రం అనకు బావా," అన్నాడు మావాడు. "అది మూడో వంతు గూడ పని చేస్తలేదు. చూడు, ఈడనే రాసింది. పాపం దానికి పనే లేదు."

రాసి ఉన్న మాట నిజమే, కానీ అది సగటు. సగటు అన్న మాటంటే నాకు మొదటి నుంచీ మంట. మా మిల్లులో సగటున అందరి ఆరోగ్యమూ బాగుందని ఏటా గోడకు కాగితం అంటించేవారు. దూది గదిలో రాత్రీ పగలూ దగ్గే మనుషుల్ని, ఆఫీసు గదిలో పంకా కింద కూర్చునే వాళ్ళతో కలిపి వేసిన లెక్క అది. ప్రాసెసర్ అంటే ఒక్కటి కాదు, లోపల కోర్లని పనిచేసే భాగాలు చాలా ఉంటాయి. నేను ఆ సగటును విడగొట్టి, ఒక్కో కోరుకు ఒక్కో గడి వచ్చేట్టు తెర మీద పెట్టాను. అన్ని గడుల్లోనూ గీత నేల మీద పడుకుని ఉంది. ఒక్క గడిలో మాత్రం పైకప్పుకు అతుక్కుపోయి కిందికి రావడం లేదు. ఆ ఆటలో ముఖ్యమైన లెక్కంతా ఆ ఒక్కదాని నెత్తిన పడుతోంది. మిగతావి దాని మొహం చూస్తూ కూర్చున్నాయి.

మా బామ్మర్ది ఆ గడి మీద వేలు పెట్టాడు. "మా అక్క," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. పెళ్ళికి ముందు ఆ ఇంట్లో రాట్నం ముందు కూర్చుని రెండు మగ్గాలకూ పేక నూలును కండెలుగా చుట్టింది వాళ్ళక్క ఒక్కతే. వంటా నీళ్ళూ తెగిన పోగులు ముడివేయడమూ ఆమెవే. "ఇంట్ల ఏడుగురం ఉంటిమి బావా. చూసేటోళ్ళకు అందరం పన్జేస్తున్నట్టే ఉండె. అక్క నీ ఇంటికి రాంగనే మగ్గాలు మందమైనయి. నాయిన నూలు మంచిగ లేదన్నడు. నేసేటోళ్ళను తిట్టిండు. ఆఖరికి కొత్త పంజాలు చేయించిండు. ఏం ఫాయిదా, కండె లేంది పంజా ఏం కొడ్తది? బతుకమ్మకు అక్క వచ్చి వారం ఉంటే మగ్గాలు మళ్ళ ఉరికినయి. అప్పుడు ఎరుకైంది."

ఆ బతుకమ్మ నాకూ గుర్తుంది. పండగైపోయినా ఇంకో వారం ఉంచుకుంటామని అత్తమ్మ కబురు పంపితే, కొత్త పెళ్ళికొడుకును గనక లోపల గొణుక్కున్నాను. బిడ్డ మీద ఎంత ప్రేమో అని ఊరంతా చెప్పాను కూడా. ఒక ఇంటి ప్రాసెసర్ ఊడబెరుక్కుని తెచ్చుకున్నానని నాకేం తెలుసు?

"అయితే అక్కను తోలుకొచ్చి చూద్దాం బావా," అన్నాడు. నాకు తెలిసిన మెకానిక్ దగ్గర అదే బోర్డులో కూర్చునే మరో ప్రాసెసర్ ఉంది. ఒక్క పూటకని అడిగి తెచ్చి, ఒక్క కంప్యూటర్‌కు పెట్టాం. స్విచ్ వేసేటప్పుడు మావాడు బొట్టు పెడతానంటే చెయ్యి పట్టుకుని ఆపాను. ఆట మొదలైంది, జనం మధ్యలోకి ఉరికింది, ఎక్కడా నత్తి లేదు. అప్పటిదాకా ఊరికే కూర్చున్న కార్డు నిండా పనిలోకి దిగి ఫ్యాన్ గిర్రున తిప్పింది. మావాడు ఆ తెర వైపు చూస్తూనే హోటల్‌వాళ్ళకు ఫోన్ చేసి లారీ వద్దన్నాడు. తర్వాత వెనక గదిలోకి వెళ్ళి, "అవ్వా, మగ్గం పోతలేదు," అని వాళ్ళమ్మ చెవి దగ్గర గట్టిగా చెప్పాడు. ఆమె పంజా ఆపకుండానే, "అట్లయితే ఎర్ర కండెలు అయిపోయినయి, కూసొని చుట్టు," అంది. వాడు నిజంగానే కూర్చుని చుట్టాడు.

ఒకటొకటిగా ఆరింటికీ ప్రాసెసర్లు మారాయి. వెళ్ళిపోయిన పిల్లల్లో సగం మంది తిరిగొచ్చారు. కొన్నేళ్ళకు అందరూ ఫోన్లలోనే కాల్చుకోవడం మొదలుపెట్టాక షట్టర్ దానంతటదే దిగింది, అది వేరే సంగతి. అత్తమ్మ మాత్రం చేతులు ఆడినంత కాలం ఆ మగ్గం మీదే నేసింది. ఇది రాస్తూ నేను కూర్చున్న జంపఖానా ఆమెదే.

ఇదంతా మా ఆవిడకు ఇన్నేళ్ళ తర్వాత, గుండీల మధ్య కూర్చోబెట్టి చెప్పాను. బతుకమ్మకు అన్నాళ్ళు ఎందుకు ఉంచుకున్నారో తెలిస్తే బాధపడుతుందని అప్పట్లో దాచాను. ఆమె సూదిని కంటి దగ్గర పట్టుకుని నవ్వింది. "నాకు ఎరుక లేదా? నేను గడప తొక్కంగనే రాట్నం ముందర పీట ఏసి ఉండె," అంది. "అయినా కూసున్న. మా అవ్వ పక్కన కూసొని ముచ్చట పెట్టేది ఆ ఒక్క జాగలనే గదా." తర్వాత ఆ బిళ్ళను చీర కొంగుతో తుడిచి, పారేద్దామంటే వద్దని, మళ్ళీ డబ్బాలోనే వేసింది.

సూదిలోకి దారం ఎక్కించడానికి ఇప్పుడామెకు చాలాసేపు పడుతుంది. ఎక్కిస్తానంటే ఇవ్వదు. చొక్కా లేకుండా బనీనుతో అలాగే కూర్చుని చూస్తూ ఉండిపోయాను. ఇన్నేళ్ళూ మా ఇంట్లో కాలం ఆ చేతులు ఆడినంత వేగంగానే నడిచింది, అవి కాస్త నిదానించిన ఈ రోజున దాన్ని తొందరపెట్టడానికి నేనెవరిని.